ఎదిగే పిల్లకి బెత్తెడు ఎక్కువ

నేను ఒక స్కూటరు చెక్కని. బొబ్బిలిలో అప్పలనాయుడు ఇంటి మూడు మెట్ల మీద ఏటవాలుగా పడి ఉంటాను. పొద్దున్న ఆయన కూతురు నీలవేణి నా మీంచి స్కూటరు దించుతుంది, సాయంత్రం ఎక్కిస్తుంది. మధ్యలో కోళ్లు తిరుగుతాయి. నవ్వకండి. నేను పుట్టింది మంచుకొండల మీద జారడానికి. నన్ను స్నోబోర్డు అంటారు.

లోపల కర్రపొరలు, చుట్టూ ఉక్కు అంచు, రెండు కొసలా పైకి వంపు. కార్ఖానాలో నాకు పెట్టిన పేరు ‘ఆల్ మౌంటెన్’. అంటే ఏ కొండకైనా, ఎలాంటి మంచుకైనా పనికొస్తానని. ధర కూడా అందుబాటే. ఏ కొండకైనా అన్నారు గానీ ఏ మనిషికైనా అనలేదు మహాప్రభో! ఆ తేడా తెలియని మనిషి చేతిలో పడ్డాను. నా ఖర్మ అందామనుకున్నాను గానీ, ఖర్మ ఆ పిల్లది.

అప్పట్లో అప్పలనాయుడు మనాలి దగ్గర సొరంగం పనిలో స్టోరు కీపరు. పెళ్లాం పిల్లల్ని అక్కడే పెట్టుకున్నాడు. నీలవేణికి పన్నెండేళ్లు. బడిలో ఉన్న పాత పొట్టి బోర్డు మీద కొండపిల్లల్ని మించి జారేది. ఆ చలికాలం శిక్షణ శిబిరానికి పోటీ పెట్టి బడి నుంచి ఒక్కరినే తీసుకుంటామన్నారు. పన్నెండు దాటితే మళ్లీ తీసుకోరు. సొంత బోర్డు ఉండాలి. “పోటీలో రోజూలాగే జారు చాలు, ఆ సీటు నీదే” అన్నాడు కోచ్ తెన్జిన్ సారు. ఆ పిల్ల వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు, సంతోషానికి.

నన్ను అమ్మిన ముసలాయన మంచివాడు. నన్ను పిల్ల పక్కన నిలబెట్టి చూశాడు. “బోర్డు గడ్డానికీ ముక్కుకీ మధ్యకి రావాలి. ఇది నెత్తి దాటి బెత్తెడు పైకుంది. ఈ పిల్ల బరువుకి ఇది వంగదు. వంగకపోతే తిరగదు” అని, లోపలికెళ్లి ఒక పొట్టిదాన్ని తెచ్చాడు.

రెంటికీ ఒకే ధర. ఒకే ధరకి పెద్దది వస్తుంటే చిన్నది కొనే మనిషి బొబ్బిలిలో ఇంకా పుట్టలేదు. పైగా నీలవేణి గౌను మడమల దాకా ఉంది, బూట్లలో దూది ఉంది. అన్నీ ఎదుగుదలకి కొన్నవే. నా ఒక్కదాని విషయంలో పద్ధతి ఎందుకు తప్పుతాడు?

“ఎదిగే గుంట కదేటి! ఏటేటా కొనడానికి నానేటి జమీందార్నా? నీకూ వస్తాది, తమ్ముడికీ వస్తాది. సరదా పుడితే నానూ ఎక్కుతాను.”

“నాన్నా, పొట్టిదే కావాల” అంది పిల్ల.

“నోర్ముయ్” అన్నాడు, ముద్దుగానే.

అన్నంత పనీ చేశాడు. మర్నాడే ఎక్కాడు. మూడుసార్లు ఎత్తి పడేశాను. నాలుగోసారి మూతి మంచులో దిగబడింది. లేచి దులుపుకుని “గట్టి సరుకు!” అన్నాడు. నాకు భలే నచ్చాడు.

పోటీ రోజు వాలులో ఎర్ర కర్రలు పాతారు. వాటి మధ్య మెలికలు తిరుగుతూ దిగాలి. నా మీద నిలబడ్డ పిల్లని చూసి తెన్జిన్ సారు పరుగున వచ్చాడు. “అన్నా, ఈ ఒక్కసారికీ బడి బోర్డు ఇస్తాను. సొంతది ఉంది కదా, నియమానికి అది చాలు” అన్నాడు.

“మరి కొన్నదెందుకు?” అన్నాడు అప్పలనాయుడు.

పిల్ల ఒకసారి తండ్రి మొహం చూసింది, సారు మొహం చూసింది. నా మీదే వాలు దిగింది. మొదటి కర్ర దగ్గర ఎలాగో లాక్కొచ్చింది. రెండోదానికి ఆలస్యమైంది. మూడో కర్ర దగ్గర ఒంట్లో బలమంతా మడమల మీద పెట్టి తొక్కింది పాపం. కోడిపిల్ల కాలు మోపినట్టుంది నాకు. నేను వంగలేదు. తిన్నగా పోయి కర్రని గుద్ది, పిల్లని బోర్లా పడేసి, కాళ్ల పట్టీలు ఊడి ఒక్కదాన్నే కిందిదాకా జారిపోయాను. సీటు ఇంకో పిల్లకి ఇచ్చారు.

ముక్కు మీది రక్తం తుడుచుకుంటూ “బోర్డు పెద్దది నాన్నా” అంది నీలవేణి.

“బోర్డుదేటి తప్పు? బోర్డు బంగారం. నీలోనే పస లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!” అన్నాడు, అందరూ వింటుండగా.

పిల్ల నమ్మేసింది. మళ్లీ ఏ బోర్డూ ఎక్కలేదు. నాకు నోరుంటే నిజం చెప్పేదాన్నా అంటే, చెప్పేదాన్ని కాదు. నన్ను బంగారమన్నవాడు లోకంలో ఆయనొక్కడే.

సొరంగం పూర్తయింది. పారేయడానికి మనసొప్పక నన్ను లారీలో బొబ్బిలి తెచ్చారు. కాళ్లు బిగించే పట్టీలు ఊడదీసి గ్యాసు బండకి కట్టారు. నన్ను మెట్ల మీద పడేశారు. ఏళ్లు గడిచాయి. తమ్ముడు నా వంక చూడనే లేదు. నీలవేణికి కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది.

మొన్న పొద్దున్న మెట్లు కడుగుతూ నన్ను తీసి నిలబెట్టింది. నా కొస సరిగ్గా ఆమె గడ్డం దాటి పెదవుల దగ్గర ఆగింది. అరుగు మీద కుర్చీలో కూర్చున్న అప్పలనాయుడి కంట పడనే పడింది.

“సూసినావా!” అని తొడ చరిచాడు. “నాను సెప్పనేదా, ఎదిగితే సరిపోద్దని? నా మాట ఎప్పుడైనా తప్పయిందేటి?”

“నేదు నాన్నా” అంది.

నన్ను మళ్లీ మెట్ల మీద వేసింది. వేసి, చెప్పులు విడిచి, నా మీద అడ్డంగా రెండు పాదాలూ పెట్టి, మోకాళ్లు కాస్త వంచి నిలబడింది. నేను వంగాను. ఎక్కడ వంగాలో అక్కడ, ఎంత వంగాలో అంత. అది ఆమె పాదాలకి తెలిసిపోయింది. ఆ పోటీ రోజు తప్పు ఎవరిదో ఆ క్షణాన మా ఇద్దరికీ తెలుసు.

“ఆపీసుకి టైమవనేదేటి?” అన్నాడు తండ్రి.

దిగి, చెప్పులు వేసుకుని, స్కూటరు దించింది. ముందు చక్రం నా మీంచి పోయింది, తర్వాత వెనక చక్రం.