నిలిచినను మ్రోగిన గజ్జెలు

కార్తికమాసమున సూర్యోదయమునకు మున్ను మంచు నాగగిరి కనుమను కప్పి యుండ వాగు మ్రోత వినవచ్చుచుండెనే గాని వాగు కానరాకుండెను. ఏటేట పందెము పెట్టి తపాలా మోయువాని నెన్నుకొనుట ఆ సంస్థానమున ఆచారము. గజ్జెలు కట్టిన బల్లెము చేబూని కనుమను చుట్టి మూడామడలు పరుగెత్తి ముందుగా ఠాణాకు మరలి వచ్చినవానికే యుద్యోగము. నడుమ గజ్జెలు ఆగినచో వాడు ఓడినట్లే. దారి పొడుగున కావలివారు చలికి జడిసి గుడిసెలు వెడలక చెవులతోడనే తీర్పు చెప్పుచుండిరి.

పైడన్న నాడు చలిజ్వరముతో వచ్చెను. ఆ యుద్యోగము నిరుటి వరకు వాని తండ్రి జోగన్నది. ఇట్టి జ్వరముతోనే జాబులు జాము ఆలస్యముగా తెచ్చినప్పుడు, గజ్జెలెక్కడను ఆగలేదని కావలివారు చెప్పగా, జ్వరమనుట బొంకే యని ఠాణేదారు సోమరాజు అతనిని తొలగించెను. నెల తిరుగక మున్నే ఆ జ్వరము జోగన్నను పొట్టనబెట్టుకొనెను. తండ్రి బొంకలేదని ఆ ఠాణేదారు నోటనే యనిపింపవలెనని కొడుకు పంతము.

"ఒక్క రోజు ఆగండి బాబూ, ఒళ్లు కాలిపోతంది."

"మీ అయ్య పాటే నీవూ ఎత్తుకొన్నావురా! మీ ఇంట ఇంకొక పాట లేదా?" అని సోమరాజు నవ్వెను. తక్కిన పందెగాండ్రును నవ్విరి.

మొదటి యామడ వానిని కోపమే మోసెను. రెండవ యామడలో వాగు కడ జ్వరము పెచ్చు పెరుగగా బల్లెము నేల నూని నిలిచిపోయెను. పండ్లు కొట్టుకొనుచుండ వణకు చేతులనుండి బల్లెమునకు ప్రాకి గజ్జెలు పరుగువేళ కన్న బిగ్గరగా మ్రోగెను.

"ఓరి పైడీ! గాలిలాగ పోతన్నావురా!" అని గుడిసెలోనుండి కావలివాడు కేకవేసెను.

నిలిచిన చోటనే ఆ పొగడ్త వినిన పైడన్నకు తల మండెను. తండ్రియు ఇచ్చటనే యిట్లు నిలిచి యుండునని తోచెను. అంతట లేచిన పరుగు దిగుడున ఇరువురను దాటి ఠాణా ముంగిట గాని ఆగలేదు.

"గజ్జెలెక్కడా ఆగలేదట. జ్వరమేదిరా? అయ్యకు తగిన కొడుకువే!" అని సోమరాజు పలికెను.

పైడన్న ఆతని చేతిని బల్లెమునకు పట్టించి దానిపై తన చేతులు బిగించెను. గజ్జెలు మ్రోగెను.

"నా కాళ్లు చూడండి బాబూ. ఇప్పుడు పరిగెడతన్నానా? వాగు కాడా ఇలాగే నిలబడిపోనాను. నౌకరీ ఎవరికైనా ఇచ్చుకోండి. మా అయ్యది జబ్బో అబద్ధమో చెప్పండి."

సోమరాజు చేయి విడిపించుకొనజూచెను. పందెము చూడవచ్చినవారందరు ఆ చేతినే చూచుచుండిరి.

"జబ్బే," అని యాతడు గొణిగెను. గజ్జెల మ్రోతలో ఆ మాట ఎవరికిని వినబడలేదు.

"గట్టిగా, బాబూ," అనెను పైడన్న.

ఊరెల్ల వినునట్లు ఠాణేదారు పలుకువరకు వాడు ఆ చేయి విడువలేదు, గజ్జె యొక్కటియు ఆగలేదు.