పద్దెనిమిది మీటర్ల తేడా

గుంతలో కేబులు నిక్షేపంలా ఉంది. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు.

గట్టు మీద కూర్చున్న టెస్టరమ్మ తన పరీక్ష పెట్టె తెరకేసి చూసింది. ఆసుపత్రికి కరెంటిచ్చే కేబులది, నేలలో ఎక్కడో కాలింది. వంతెన తెగి డీజిల్ బండి అవతలే ఆగిపోయింది. జనరేటరు సాయంత్రం ఆరింటి దాకా నడిస్తే గొప్ప. లోపల గాజుపెట్టెల్లో ఏడుగురు పసికందులు. కాలిన చోటు దొరికాక కొత్త అతుకు వెయ్యడానికే నాలుగు గంటలు కావాలి. ఇప్పుడు ఒంటిగంట. కాంక్రీటు పగలగొట్టి ఇంకొక్క గుంత తవ్వే టైముంది, అంతే.

"ఇంతకీ మీ పెట్టె లెక్క చెబుతుందా, జోస్యం చెబుతుందా?" అన్నాడు గునపం మేస్త్రి, నుదురు తుడుచుకుంటూ.

ఆ పెట్టె చేసేది చిన్న పనే. కేబుల్లోకి చిటికెలో ఒక కరెంటు తరంగాన్ని పంపుతుంది. అది కాలినచోట తగిలి వెనక్కొస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి పెట్టె దూరం చెబుతుంది. 412 మీటర్లంది. సరిగ్గా అక్కడే తవ్వారు.

ఆమె మళ్లీ తెర చూసింది. 278 దగ్గర గీతలో చిన్న బుడిపె, అది పాత అతుకు. డ్రాయింగులో మాత్రం ఆ అతుకు 260 దగ్గరుంది. పొద్దున తొందరలో పట్టించుకోలేదు. ఇప్పుడు డ్రాయింగును మళ్లీ దగ్గరికి లాక్కుంది. డ్రాయింగు కింద సంతకం నాన్నది మరి! ముప్పై ఏళ్లు కేబుళ్లు వేసిన మనిషి. ఆమె పనిలో చేరిన కొత్తలో జానెడు కొలత తప్పితే పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు.

పెట్టెలో తరంగం వేగం తప్పుగా పెట్టి ఉంటే అన్ని దూరాలూ అదే పాళ్లలో తగ్గాలి, అంటే 385 దగ్గర తవ్వాలి. అలాకాక అతుకు దగ్గర కేబులే పద్దెనిమిది మీటర్లు ఎక్కువ పూడ్చి ఉంటే 394 దగ్గర. రెంటికీ మధ్య తొమ్మిది మీటర్లు. ఫోను తీసింది.

"నాన్నా, ఆసుపత్రి లైన్లో అతుకు దగ్గర కేబులేమైనా ఎక్కువ వదిలావా?"

"నా పనికే వంకలు పెడుతున్నావా?"

"గాజుపెట్టెల్లో పిల్లలున్నారు నాన్నా. ఒక్క గుంతకే టైముంది."

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"కొలత తప్పాను," అన్నాడు చివరికి. "మిగిలింది కోస్తే నలుగురికీ తెలుస్తుందని మూడు చుట్లు చుట్టి అతుకు పక్కనే పూడ్చేశా."

"394 దగ్గర కొట్టండి!" అని అరిచింది.

రెండు కాకముందే మసిబారిన కేబులు బయటపడింది, అతుకు పని మొదలైంది. ఆరింటికి పది నిమిషాలుందనగా జనరేటరు మోత ఠక్కున ఆగింది. గట్టు మీద అందరూ ఆసుపత్రి కిటికీలకేసి చూశారు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. గునపం మేస్త్రి కూలబడి నవ్వేశాడు.

ఆమె డ్రాయింగు ముందేసుకుని కలం మూత తీసింది, నాన్న సంతకం చూసి మళ్లీ పెట్టేసింది. ఈలోగా ఫోను మోగింది.

"దిద్దావా?" అన్నాడు నాన్న.

"ఇంకా లేదు."

"మూడు చుట్లూ రాయి. ఎవరు చుట్టారో కూడా రాయి. జానెడుకే నిన్ను పదిమందిలో నిలబెట్టాను కదమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది.