శారీరక శ్రమ తర్వాత తీసిన నమూనా

పన్నెండేళ్లుగా కాపురం చేస్తున్న ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియక ఆమె వంటగది అరలన్నీ తెరిచి నిలబడింది. పొయ్యి మీద నీళ్లు మరిగిపోతున్నాయి. పిల్లలిద్దరూ సగం తొడుక్కున్న యూనిఫారాలతో గుమ్మంలో నిలబడి, అమ్మ వంట చేయడాన్ని వింతగా చూస్తున్నారు. భర్త ఫోనులోంచి తల ఎత్తకుండానే, "అక్కయితే ఈపాటికి డబ్బాలు కట్టేసేది," అన్నాడు. దెప్పడానికి అనలేదు పాపం, బయట ఎండగా ఉందన్నట్టు అన్నాడు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. అక్కంటే అతని అక్క, ఆమెకు వదిన. మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉంది. ఆ ఒక్క మనిషీ లేకపోయేసరికి ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

నిజానికి వదిన ఆ ఇంటికి రెండు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఒంటరిగా ఎందుకని తమ్ముడు తీసుకొచ్చాడు. అప్పుడు పెద్దపిల్లకు నలభై రోజులు. ఆమె పరిశోధన సగంలో ఆగి ఉంది. చంటిదాన్ని భుజాన వేసుకుని వదిన వంటగదిలోకి వెళ్లింది, అంతే, పదకొండేళ్లు దాటినా బయటికి రాలేదు. ఎవరూ వెళ్లమనలేదు, ఎవరూ ఇక చాలు రమ్మననూ లేదు. "అక్కకి వంటంటే ప్రాణం," అనేవాడు భర్త. ఎంత హాయైన మాట! ఒక్కసారి నమ్మేస్తే ఇక ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. ఆమె కూడా నమ్మేసింది. నమ్మకపోతే ఆమె చదువు సాగేది కాదు.

ఆమె కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేసే మనిషి. "మా ఆవిడ డాక్టరే గానీ మందులు రాయదు, వ్యాసాలు రాస్తుంది," అని భర్త చుట్టాల ముందు వేళాకోళమాడేవాడు. కిడ్నీలు చెడినవాళ్లలో చాలామంది ఆ కిడ్నీల వల్ల పోరు, వాటితోపాటు చాటుగా దెబ్బతినే గుండె వల్ల పోతారు. ఏళ్ల ముందే మూత్రంలో ప్రోటీన్ కారడం మొదలవుతుంది. నొప్పి ఉండదు, మనిషి తిరుగుతూనే ఉంటుంది, పని చేస్తూనే ఉంటుంది. ఆ కారే ప్రోటీన్‌కీ, మందమయ్యే గుండె గోడకీ ఉన్న లంకె ఏమిటో ఆడవాళ్లలో విడిగా ఎవరూ సరిగ్గా చూడలేదని ఆమె పట్టుపట్టి ఆ పని మొదలుపెట్టింది. విభాగంలో పెద్దసారు మొదట నవ్వి, తర్వాత ఒప్పుకుని, చివరికి వ్యాసం మీద తన పేరు పైన వేసుకున్నాడు. మీటింగుల్లో నలుగురు మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే ఆడది కాబట్టి టీలు ఆమే అందించాలన్నది అక్కడి అలవాటు. ఒకరోజు ఆమె, "నేను ఫలితాలు చెప్పడానికి వచ్చాను సార్, టీలివ్వడానికి కాదు," అని మొహాన అనేసింది. ఆ మాట వారం రోజులపాటు కారిడార్లలో తిరిగింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, టీ చేతికందడం ఆలస్యమైందని వదిన మీద విసుక్కుంది. ఆ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవడం ఆమెకు అప్పట్లో తట్టలేదు.

పరిశోధనకు రోగులు కావలసినంతమంది దొరికారు. దొరకనిది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లు. రోగుల లెక్కలు పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేని, యాభై దాటిన నలభైమంది ఆడవాళ్లు కావాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆసుపత్రికెందుకొస్తారు? అందుకని ల్యాబుల్లో ఒక ఆనవాయితీ ఉంది, ఎవరింట్లోవాళ్లను వాళ్లు పట్టుకొస్తారు. ఒకాయన వాళ్లమ్మను తెచ్చాడు, ఒకామె పిన్నిని తెచ్చింది. ఆమె వదినను తెచ్చింది. వదిన పెట్టె అడుగునున్న మంచి బట్టలు తీసి కట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా చిన్నపిల్లలా బయటికి చూసింది. "నా వల్ల కూడా సైన్సుకి పనుందా?" అని మూడుసార్లు అడిగింది. గుండె స్కాను ఆ రోజు తీయడం కుదరలేదు గానీ, ఇంటి నుంచి తెచ్చిన సీసా మాత్రం జాగ్రత్తగా అందించింది.

ప్రోటీన్ లెక్క ముప్పై లోపు ఉండాలి. వదినది రెండువందల పద్నాలుగు.

ల్యాబు నియమం ఇలాంటప్పుడు ఏం చేయాలో స్పష్టంగానే చెబుతుంది. వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయాలి, అప్పుడూ ఎక్కువొస్తే మనిషికి చెప్పి డాక్టరు దగ్గరికి పంపాలి. వ్యాసం పంపడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి. ఒళ్లు హూనమయ్యేలా పని చేస్తే కూడా ఒక్కోసారి ఈ లెక్క పెరుగుతుంది. ఆ రోజు వదిన తెల్లవారకముందే లేచి రెండు బకెట్ల బట్టలుతికి, ఇల్లంతా తుడిచి, ఐదుగురికి వంట చేసి మరీ వచ్చింది. ఇంకేం, కారణం దొరికింది. ఆమె రిజిస్టరులో పదిహేడో నంబరు ఎదురుగా, "శారీరక శ్రమ తర్వాత తీసిన నమూనా, పనికిరాదు," అని రాసి గీత కొట్టేసింది. వదిన చాకిరీని ఎవరైనా ఎప్పుడైనా కాగితం మీద పెట్టారంటే ఆ ఒక్కసారే, అదీ ఆవిణ్ణి కొట్టేయడానికి.

మళ్లీ పరీక్ష చేద్దామనే అనుకుంది, అబద్ధం కాదు. ముందు వ్యాసం పంపాలనుకుంది, తర్వాత పిల్లల పరీక్షలవనీ అనుకుంది, ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసింది. కానీ గీత కొట్టేసిన ఆ సాయంత్రమే వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నాదేమొచ్చిందమ్మాయీ?" అని అడిగింది. ఆమె కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా, "బాగానే ఉంది వదినా," అంది. ఆ క్షణంలో తన మనసులో మెదిలింది ఏమిటో ఆమెకు బాగా తెలుసు. వదిన మంచాన పడితే ఈ ఇల్లు ఎవరు చూస్తారు? ఇన్నాళ్లూ ఆ ఆలోచనకు వేరే పేర్లు పెట్టుకుంటూ వచ్చింది, పని ఒత్తిడి అనీ, మరుపు అనీ.

వ్యాసం అచ్చయింది, మంచి పేరొచ్చింది, ఉద్యోగంలో పై మెట్టూ ఎక్కింది. నాలుగేళ్లు గడిచాయి. ఈమధ్య వదిన మెట్ల మధ్యలో ఆగి రొప్పుతుంటే, "వయసు కదా," అన్నాడు భర్త. మొన్న స్టవ్ ముందే కుప్పకూలింది. కిడ్నీలు దాదాపు పోయాయి, గుండె పెద్దదై నీరు చేరింది. కిడ్నీ డాక్టరు, ముప్పై అయినా నిండని అమ్మాయి, "ముందెప్పుడైనా మూత్రం పరీక్ష చేయించారా?" అని అడిగింది. "లేదండీ, మా అక్కకి జ్వరమైనా వచ్చి ఎరగదు," అన్నాడు భర్త. ఆమె పక్కనే ఉండి ఆ మాటను అలాగే పోనిచ్చింది.

ఆ ఉదయం పిల్లల డబ్బాలు ఎలాగో కట్టి పంపి, ఆమె ల్యాబుకు వెళ్లింది. పాత రిజిస్టరు తీసి పదిహేడో నంబరు దగ్గర ఆగింది. తన చేతిరాతే, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ పేజీ నకలు తీసుకుని పెద్దసారు గదిలోకి వెళ్లి, ఒక నమూనాను నియమం తప్పి తీసేశానని పత్రికకు రాయాలని చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఒక్క నంబరుతో ఫలితం మారదమ్మా. అనవసరంగా మనందరి పరువూ తియ్యకు," అన్నాడు.

"ఫలితం మారదు సార్, నిజమే. అది మా వదిన," అందామె. సంతకం చేసిన ఉత్తరం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు ఆ నకలును రెండుసార్లు చదివింది. "అప్పుడే మందులు మొదలుపెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. ఎవరు చేశారీ పరీక్ష?"

"నేనే."

డాక్టరు ఆ నకలును కేసు కాగితాల్లో పెట్టుకుంది. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. భర్త మాత్రం ఆమెను వరండాలోకి లాక్కెళ్లి, "నీకేమైనా పిచ్చా? అయిందేదో అయింది. అక్కతో మాత్రం అనకు. ముందు ఇంటికెప్పుడు పంపుతారో అడుగు, ఇల్లు అడవిలా ఉంది," అన్నాడు. వినగానే ఆమెకు ఒళ్లు మండింది. మరుక్షణమే సిగ్గుతో తల వాలిపోయింది. నాలుగేళ్ల కిందట తను మనసులో అనుకున్న మాటనే అతను ఇప్పుడు పైకి అంటున్నాడు, అంతే తేడా.

వదిన దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి, కళ్లు చిన్నవయ్యాయి. ఆమెను చూడగానే, "తిన్నావా?" అంది. ఆమె ముఖం చూసి, తనే ఓదార్చబోయింది. "నువ్వేమీ బాధపెట్టుకోకు. తప్పు నాదే. కాళ్లు వాస్తున్నాయి, ఒకసారి చూపించుకోమని పక్కింటావిడ ఏడాది నుంచీ పోరుతూనే ఉంది. నేనే వినలా. మా మరదలు అంత పెద్ద చోట పరీక్ష చేసింది, నేను ఆరోగ్యవంతుల లెక్కలో ఉన్నదాన్ని, నాకేంటి అని గొప్పలు పోయాను."

ఆమె మంచం అంచున కూర్చుంది. ఏడవకూడదని గట్టిగా అనుకుంది. ఏడిస్తే వదిన కళ్లు తుడుస్తుంది, అంతటితో ఆ మాట దాటిపోతుంది.

"మీ పరీక్ష అప్పుడే బాగోలేదు వదినా. నేను అబద్ధం చెప్పాను."

వదిన దిండు మీంచి ముందుకు వంగింది. "ఎందుకు?"

"పని తొందరలో ఉన్నాను. అదొక్కటే కాదు. మీకు బాగోలేదని తెలిస్తే ఇల్లెవరు చూస్తారోనని."

నర్సు వచ్చి చేతికున్న సూది సరిచేసి వెళ్లింది. వదిన ఉబ్బిన తన చేతివేళ్లను ఒక్కొక్కటే నిమురుకుంటూ కూర్చుంది. పదకొండేళ్లలో ఆ చేతులు ఏ పనీ లేకుండా ఒళ్లో ఉండటం ఆమె చూడలేదు.

"చెప్పినా నేను మానేదాన్ని కాదేమోలే," అంది వదిన చివరికి. ఆమెకు ఊపిరి తిరిగినట్టయింది. క్షమించేసిందనుకుని వదిన చెయ్యి పట్టుకోబోయింది. వదిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఏమో, మానేసేదాన్నేమో కూడా. మా ఊరెళ్లిపోయేదాన్నో, ఏమో. అది నేను అనుకోవాల్సింది కదమ్మా. నన్నెందుకు అనుకోనివ్వలేదు?"