ముట్టుకోకూడని అతుకు

సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి రెండు రోజులే ఉన్నాయి. ఎల్లాజీ ఫైబర్ తెప్ప అడుగున జానెడు పగులు. దానికి రెండుసార్లు అతుకు వేయించాడు, రెండుసార్లూ సముద్రంలోనే ఊడింది. మళ్లీ ఊడితే, పేటలో తెప్పలన్నీ వేటకు వెళ్తుంటే తను ఒడ్డున నిలబడాలి.

అందుకే లెక్చరర్ శ్రీరామ్మూర్తి తన కాలేజీ ల్యాబులోని ప్లాస్మా యంత్రాన్ని ఆటోలో పెట్టుకుని జాలరిపేటకు వచ్చాడు. ఐదింటికల్లా తిరిగి ఇవ్వాలి. ఎల్లాజీ భార్య పోతమ్మ చాలా ఏళ్లుగా ఆయన ఇంటికి చేపలు తెస్తోంది. ఆయన భార్య పోయినప్పటి నుంచి, అడగకుండానే కడిగి, ముక్కలు కోసి మరీ ఇస్తోంది.

"పాత ఫైబర్ మీద కొత్త రెజిన్ జిగురు పట్టు దొరక్క జారిపోతోంది. ఈ వెలుగు తగిలితే పట్టుకుంటుంది," అన్నాడు శ్రీరామ్మూర్తి.

పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఒక నీటి చుక్క వేస్తే అది ఉండలా నిలబడింది. దాన్ని తుడిచి, యంత్రం గొట్టం కొసన వెలిగే ఊదారంగు వెలుగును అంగుళం అంగుళం తిప్పాడు. తర్వాత ఇంకో నీటి చుక్క వేశాడు. ఇందాక ఉండలా నిలబడిన నీరు ఈసారి పల్చగా పరుచుకుంది.

"ఓలమ్మా, నీల్లు కూడా అతుక్కుపోనాయి!" అంటూ ఎల్లాజీ రెండు అరచేతులూ అక్కడే ఆనించి కళ్లకద్దుకున్నాడు. పొద్దుటి నుంచీ ఇంజనుకు గ్రీజు పూసిన చేతులవి.

"అయ్యో, ముట్టుకున్నావా!"

"తల్లికి దండమెట్టాను. తప్పేటి మాస్టారూ?"

శ్రీరామ్మూర్తి ఇంకో చుక్క వేశాడు. వేలిముద్రల మీద అది మళ్లీ ఉండకట్టింది. ఎల్లాజీ మొహం వాడిపోయింది.

"నీ తప్పేం లేదు. ముందే చెప్పాల్సింది నేను," అని ఆయన స్పిరిట్‌తో జిడ్డంతా తుడిచి, మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పటికే మూడు దాటింది.

అంతా చూస్తున్న పోతమ్మ మొగుడి పక్కన చతికిలబడి అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

పక్కన వల బాగు చేసుకుంటున్న ఆమె తమ్ముడు అప్పలరాజు నవ్వాడు. "ఏటి బావా, ఇన్నేల్లకి అప్ప సెయ్యట్టుకుందా?"

"ఒగ్గెయ్యే, అందరూ సూత్తన్నారు," అంటూ ఎల్లాజీ చేతులు లాక్కోబోయాడు.

"సూడనీ. నానొగ్గితే నువ్వు మల్లీ దండమెడతావు."

గాజు పీచు మ్యాటు పరిచి, రెజిన్ పూసి, గాలి బుడగలు లేకుండా ఒత్తేదాకా ఆ చేతులు అలాగే ఉన్నాయి. శ్రీరామ్మూర్తి పని తొందరగానే అయింది కానీ, ఆ చేతుల వైపు చూసి ఆఖరి అంచును ఇంకోసారి నెమ్మదిగా ఒత్తాడు. యంత్రం ఐదింటికి ల్యాబు చేరింది.

మర్నాడు ఎల్లాజీ కత్తి మొనతో అతుకును లేపి చూడబోయాడు. లేవలేదు.

నిషేధం తీసిన రోజు మధ్యాహ్నం ఒడ్డు నుంచి ఎల్లాజీ శ్రీరామ్మూర్తికి ఫోను చేశాడు.

"మాస్టారూ, తెప్పలో సుక్క నీరు నేదు! తోడ్డానికేటీ నేక కాలు మీద కాలేసుకు కూకున్నాను."

"మరి చేపలు?"

"పెద్దగా పడ్నేదు. రేపు మల్లీ ఎల్తాను కదేటి."