ఫ్లోరెన్స్ మాట

నున్సియాతా దుప్పటిని తల మీదికి లాక్కోగానే వర్షకు పై ప్రాణాలు పైనే పోయాయి. కెనడాలోని హామిల్టన్‌లో కాలేజీకి వెళ్తూ ఈ వృద్ధాశ్రమంలో పార్ట్‌టైమ్ చేస్తున్న జనగామ పిల్ల ఆమె. తొంభై దాటిన ఈ ఇటలీ ముసలామె రెండు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. ఈ పూటా తినకపోతే ఆస్పత్రికి పంపి, ముక్కులోంచి గొట్టం వేయిస్తారని సూపర్‌వైజర్ చెప్పి వెళ్లింది. గొట్టాన్ని తట్టుకునే ఒళ్లేనా అది? వర్ష సూప్ గిన్నె మళ్లీ ముందుకు జరిపింది.

తప్పెక్కడో తెలిస్తే కదా! పాపం, ఈమె కోసమే నెల రోజులు ఫోన్లో ఇటాలియన్ నేర్చుకుని మొన్ననే మాట్లాడటం మొదలుపెట్టింది. అదీ అచ్చమైన పుస్తకాల భాష. బడిలో "వచ్చాను" అనకుండా "అచ్చిన" అన్నందుకు బెత్తం దెబ్బలు తిన్న పిల్లకు, పెద్దలతో శుద్ధంగా మాట్లాడ్డమే మర్యాద మరి. "మాంజి, సిన్యోరా" అంది మళ్లీ, తినండమ్మా అని, పాఠం అప్పజెప్పినట్టు. దుప్పటి కింద మనిషి గజగజలాడింది.

అప్పుడే వచ్చిన ముసలామె కొడుకు రోకో గుమ్మంలోనే ఆగిపోయాడు. అరవై దాటిన మనిషి.

"ఆ భాష వద్దమ్మా," అన్నాడు ఇంగ్లిష్‌లో. "అది ఫ్లోరెన్స్ ఊరి మాట. ఏడొందల యేళ్ల కిందట అక్కడి కవులు గొప్పగా రాశారని, రాస్తే అలాగే రాయాలన్నారు పండితులు. దేశం ఒకటయ్యాక బడికీ ఆఫీసుకీ అదే భాషయింది. అమ్మది దక్షిణాన కొండల్లో ఓ పల్లె. అక్కడ అలా మాట్లాడేది పన్నులవాడూ, బెత్తం పట్టిన పంతులూ. ఇప్పుడు మతి తప్పింది కదా, నువ్వూ వాళ్ల మనిషివే అనుకుంటోంది."

వర్ష ఒకడుగు వెనక్కి వేసింది. రెండు రోజులుగా బెత్తం పట్టుకుని నిలబడింది తనేనా!

"మీ ఊరి మాటలో తినమనండి సార్, ప్లీజ్."

రోకో తల దించుకున్నాడు. "నాకు రాదు. నలుగురిలో నవ్వులపాలవుతామని అమ్మ మాకు నేర్పలేదు."

ఉన్న ఒక్క ఆశా గంగలో కలిసింది. వర్షకు ఏడుపు ముంచుకొచ్చింది. దాంతోపాటే రూమ్మేట్ల ముందు ఇన్నాళ్లూ దాచుకున్న తన ఊరి మాటా వచ్చేసింది.

"భయపడకవ్వా. నిన్నెవ్వరు గొడ్తరు? నేనున్న గద. జర్రంత తిను, ఒక్క బుక్క."

దుప్పటి మెల్లగా దిగింది. ముసలామె వర్షను తేరిపార చూసి నోరు తెరిచింది. సగం గిన్నె ఖాళీ అయింది. అప్పుడామె వర్ష చెయ్యి పట్టుకుని తన పల్లె మాటలో గడగడా మాట్లాడసాగింది. దేనికో బతిమాలుతోంది, కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

రోకో మంచం మీదికి వంగి విన్నాడు. ఒక్క ముక్కా అందలేదు. బెదిరిన కళ్లతో వర్షవైపు తిరిగాడు.

"మా అమ్మ ఏమంటోందమ్మా?"