కుట్టుమిషన్ మీది బల్బు

అర్బాజ్‌కు వనపర్తిలో మంచి పేరుంది. పెద్ద పెద్ద బంగళాల్లో ఫోన్‌తోనే లైట్లు వెలిగించి, గేట్లు తెరిపించి శభాష్ అనిపించుకున్నవాడు. అంతటివాడికి గద్వాలలో సొంత అక్క ఇంట్లో ఒక్క బల్బు లొంగడం లేదు.

అక్క ఇష్రత్‌కు చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. ముందుగదిలో మిషన్ వేసుకుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. లోపలిగదిలో తొట్టెలలో నాలుగు నెలల పాప. పాప ఏడిస్తే అత్త సాబిరా వచ్చి కోడలి భుజం తట్టాలి. ఆ సాబిరా ఆదివారం నాగర్‌కర్నూల్ పోవాలి, కూతురు తస్లీమ్ రెండో కాన్పుకు. ఇష్రత్ భర్త మున్నా పొద్దున ఆటో తీస్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం.

అందుకే అర్బాజ్ తొట్టెల పక్కన ఏడుపు పసిగట్టే చిన్న యంత్రం పెట్టాడు. మిషన్ మీద బల్బు బిగించాడు. పాప ఏడిస్తే బల్బు ఎర్రగా మిణుకుమంటుంది. రెండింటినీ కలిపే వైఫై డబ్బా లోపలిగది గూట్లో ఉంది.

పొద్దున బాగానే పనిచేసేది. మధ్యాహ్నం పాప పడుకున్నాకే మొరాయించేది. సాయంత్రం పని దిగి వచ్చి చూస్తే మళ్లీ బుద్ధిగా వెలిగేది. అర్బాజ్ డబ్బా మార్చాడు, బల్బు మార్చాడు, పాతకాలపు రాతిగోడను నోరారా తిట్టాడు. ఫలితం లేదు.

గురువారం సాబిరా కొట్టుకు పోయి వచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. ఇష్రత్ వంచిన తల ఎత్తకుండా కుడుతూనే ఉంది. ఆ సాయంత్రం తమ్ముడికి చేతులతో ఒకటే మాట చెప్పింది, బిడ్డ పిలిచింది, నేను పోలేదు అని. చెప్పి ఏడ్చింది.

"నేను యాడికీ పోను. తస్లీమ్‌ను చూసుకోనీకి దాని ఆడబిడ్డ ఉన్నది గద," అంది సాబిరా. ప్రేమతోనే అంది. అయినా అత్త పెదవుల కదలిక చదివిన ఇష్రత్ ముఖం చిన్నబోయింది. నా బిడ్డను నన్ను నమ్మి వదల్లేరా అన్నట్టు చూసింది. ఆ చూపు అర్బాజ్‌కు ముల్లులా గుచ్చుకుంది.

శుక్రవారం నమాజు కాగానే తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నంపూట ఆ ఇంటికి రావడం అదే మొదలు. పాప నిద్రలో ఉంది. గూట్లో వైఫై డబ్బా కనిపించలేదు. బోర్లించిన పెద్ద స్టీలు గిన్నె ఉంది, దాని కింది నుంచి వైరు.

"ఖాలా, ఇదేంది?" అని సాబిరాను అడిగాడు.

"మెల్లగ మాట్లాడు బేటా. గా డబ్బా మీది పచ్చలైట్లు ఒకటే మిణుకుమంటున్నయి. పసిపిల్ల నిద్ర చెడిపోదా?"

"గట్లని గిన్నె బోర్లిస్తరా?"

"నువ్వే గద చెప్పినవు, గుడ్డ కప్పొద్దు, వేడైతదని. అందుకే స్టీలుది పెట్టిన. పిల్ల లేచినంక తీసేస్తున్న."

అర్బాజ్‌కు గుర్తొచ్చింది. చెప్పింది నిజమే మరి. పెద్ద పనివాడినని మురిసిపోయాడు గానీ, స్టీలు దాటి సిగ్నల్ పోదని ఇంట్లోవాళ్లకు చెప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పేసరికి సాబిరా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంటే నిన్న బిడ్డ గంత ఏడ్చింది నా వల్లనేనా?"

"కాదు ఖాలా, నా వల్ల. నేను చెప్పలే."

గిన్నె తీసి పక్కన పెట్టాడు. పచ్చలైట్ల మీద నల్లటేపు అంటించాడు. ఇక పరీక్షించాలంటే పాప ఏడవాలి. నిద్రపోయే బిడ్డను ఎవరు లేపుతారు? ఇద్దరూ గోడకానుకుని కూర్చున్నారు. చాయ్ చల్లారిపోయింది.

చివరికి తొట్టెల కదిలింది. పాప కెవ్వుమంది. సాబిరా అలవాటుగా లేవబోయింది. అర్బాజ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జర ఆగండి, ఖాలా."

పాప రెండోసారి ఏడ్చేలోపు పరదా తొలగింది. చీరకొంగుకు అంటిన దారపు పోగులతో ఇష్రత్ గబగబా వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. బిడ్డను ఎత్తి గుండెకు హత్తుకుంది. అప్పుడు అత్తవైపు తిరిగి, తన భుజాన్ని తానే తట్టి చూపించి, ఎవరూ తట్టలేదన్నట్టు చెయ్యి ఊపింది. కన్నీళ్లతోనే నవ్వింది.

సాబిరా కళ్లు తుడుచుకుని అర్బాజ్‌ను అడిగింది.

"బేటా, ఆదివారం నాగర్‌కర్నూల్‌కు మొదటి బస్సు ఎన్నిగొట్టంగ ఉన్నది?"