గుడి దీర్ఘం

షైనీ నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి ఇంగ్లిష్ చెబుతుంది. పదకొండేళ్లుగా అదే పని. బళ్లు తెరిచిన వారంలోనే బోర్డు మీద తప్పుల జాబితా రాయిస్తుంది. ఇస్కూల్ కాదు, స్కూల్. రిటర్న్ అంటే చాలు, వెనకాల బ్యాక్ అక్కర్లేదు. కజిన్ అంటే చాలు, బ్రదర్ అక్కర్లేదు.

ఈ ఏడాది జాబితాలో ఒక జంట తగ్గింది. లివ్, లీవ్. మొదటిది బతకడం, రెండోది వెళ్లిపోవడం. తెలుగులో రాస్తే ఆ తేడా గుడికి, గుడి దీర్ఘానికి మధ్య ఉన్నంతే. పిల్లలెవరూ గమనించలేదు.

జులైలో పిల్లల చేత కుటుంబం గురించి ఐదు వాక్యాలు రాయించింది. మెహ్‌జబీన్ అనే అమ్మాయి లేచి చదివింది. మూడో వాక్యం: మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ లీవింగ్ ఇన్ బోరంచ.

"మీ దాదా లీవు లెటర్ ఇచ్చి పోతుండా?" అని వెనక బెంచీ నుంచి అంజద్ అడిగాడు. తరగతి నవ్వింది. మెహ్‌జబీన్ కూడా నవ్వి, మా దాదా యాడికి పోలేదు, బోరంచలనే ఉన్నడు అంది.

షైనీ పుస్తకం తీసుకుని ఎర్ర పెన్ను ఆ మాట మీద పెట్టింది. దిద్దలేదు. పుస్తకం మూసి ఇచ్చేసి, బెల్లు కొట్టేదాకా చూచిరాత రాసుకోమంది.

ఆ మాట ఆమెకు జనవరి తొమ్మిదిన ఫోన్లో వచ్చింది.

ఆమె పెద్దమ్మ ఎలీసబెతుది సిర్గాపూర్. పెదనాన్న ప్రేమదాసు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. ఏడో తేదీన ఊపిరి ఆడక పడిపోతే తోటి వాచ్‌మన్ దవాఖానలో చేర్పించాడు. ఇంగ్లిష్ వచ్చిన మనిషని అక్కడ షైనీ నంబరు రాయించాడు. సంగతి తెలిసినా ఎలీసబెతు వెంటనే కదల్లేకపోయింది. నాలుగు రోజులుగా చేలో కంది కోసే మిషన్ కోసం చూస్తోంది. అది తొమ్మిదిన వచ్చింది.

ఆ మధ్యాహ్నం రెండుంబావుకు నర్సు ఫోన్ చేసింది. ఆమెకు తెలుగు రాదు, ఉర్దూ అంతంతే. ఇంగ్లిష్‌లో చెప్పింది. షైనీకి వినిపించింది ఇది: పేషెంట్ ఈజ్ లివింగ్, యూ కమ్. షైనీ అదే నిమిషం పెద్దమ్మకు ఫోన్ చేసి, బతికే ఉన్నడు, రమ్మంటున్నరు అని చెప్పింది. ఇప్పుడే పోవాల్నా అని ఎలీసబెతు అడిగింది. పొద్దున ఫస్ట్ బస్సుకు పోదామని షైనీయే అంది.

ప్రేమదాసు ఆ సాయంత్రం ఏడుకు చనిపోయాడు. ఫోన్ రాగానే కారు మాట్లాడుకుని ఉంటే ఆరింటికి చేరేవాళ్లు. నిన్న చెప్పాను కదా, భార్యను అడుగుతూనే ఉన్నాడు అని నర్సు మరునాడు అంది. అందులో రెండో ముక్కనే షైనీ పెద్దమ్మకు తెలుగులో చెప్పింది.

ఆమె ఫోన్ ప్రతి కాల్‌నూ దానంతటదే రికార్డు చేస్తుంది. ఆ కాల్ నలభై ఒక్క సెకన్లు. ఆరు నెలలుగా ఆమె దాన్ని వినలేదు, తీసేయలేదు.

పుస్తకం దిద్దని వారం, ఆదివారం ప్రార్థన అయ్యాక సిర్గాపూర్ వెళ్లింది. ఎలీసబెతు రవికె భుజాల దగ్గర వదులైంది. మధ్యాహ్నం తిండి మానేసిందని పక్కింటి కిష్టవ్వ చెప్పింది. ఎందుకని షైనీ అడిగితే ఎలీసబెతు దాచలేదు. రోజూ రెండింటికి, పళ్లెం ముందు పెట్టుకునే వేళకు, ప్రేమదాసు వచ్చి వాకిట్లో నిలబడుతున్నాడు. రమ్మంటే లోపలికి రాడు. పాస్టర్ వచ్చి ప్రార్థన చేసి పోయాడు. అయినా వస్తున్నాడు.

"కోపం మీదున్నడు. కందుల కాడ నిలబడి మొగన్ని మరిచిన గద," అంది.

తప్పు నీది కాదు పెద్దమ్మా అని షైనీ అంది. నర్సు మాట నేనే తప్పు విన్ననేమో అని కూడా అంది. ఎలీసబెతు కాసేపు ఆమె మొహం చూసి, ఫోన్ల ఉన్నదా గా మాట అని అడిగింది. ఉందని చెప్పక తప్పలేదు.

ఫోన్ ఇద్దరి మధ్య చాప మీద పెట్టారు. నర్సు గొంతు, దాని వెనక మంచం చక్రాల చప్పుడు. ఎలీసబెతు మళ్లీ పెట్టమంది. ఆమె వేలిముద్ర వేసే మనిషి. మూడోసారి విని, ఆగు అంది.

"లీవింగ్ అంటున్నది," అంది. దీర్ఘం దీర్ఘంగానే పలికింది. "అంటే ఏంది?"

"పోతుండు అని."

"నువ్వు ఉన్నడంటివి."

"అవును పెద్దమ్మా."

ఎలీసబెతు లేచి వంటింట్లోకి వెళ్లింది. పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకుని వచ్చి వాకిలికి ఎదురుగా కూర్చుంది. గోడ గడియారంలో రెండూ పది. ముద్ద ముద్దకూ బయటికి చూస్తూ తింది. పళ్లెం ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కుంది.

"ఇయ్యాల రాలే," అంది. "ఇగ నా కాడికి రాడు బిడ్డా. నీ కాడికొస్తడు."

షైనీ చాప మీది ఫోన్ తీసి సంచిలో పెట్టుకుంది.

"వస్తే కూసోమను. మోకాళ్లు నొస్తయి ఆయనకు."

సోమవారం రెండింటికి ఆరో తరగతికి ఇంగ్లిష్ పీరియడ్. షైనీ బోర్డు మీద రెండు మాటలూ రాసింది. పిల్లల చేత అనిపించింది. రెండూ ఒకేలా అన్నారు. మళ్లీ అనమని చెప్పి, తన కుర్చీని ఈడ్చుకెళ్లి గుమ్మం పక్కన వేసింది.

ఇన్‌స్పెక్షన్ వస్తున్నదా టీచర్ అని మెహ్‌జబీన్ అడిగింది. లేదంది. అంజద్ లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చోబోయాడు.

"దాంట్ల కూసోకు," అంది షైనీ.